పండమ్మ చెయ్యేసిన చెట్లు

గంగులని ఒకడుండేవోడంట. వెదురు తెప్పలు తోలేవోడు. కొండ మీద కొట్టిన వెదురంతా ఏటి ఒడ్డుకి దింపి, కట్టలు కట్టి, కట్టకి కట్ట జోడించి, దాని మీద నిలబడి గడేసుకుంటా జడేట్లో పడి కిందకి పోయేవోడు. జడేరంటే ఇప్పుడు మీరు చూసే మోకాల్లోతు నీళ్ళు కాదమ్మా. అప్పుడు అడివి ఎంత దట్టంగా ఉండేదంటే, వాన ఎలిసిపోయినా పొద్దుగూకేదాకా చెట్ల కింద చినుకు ఆగేది కాదంట. ఆ నీళ్ళన్నీ ఏట్లోకే కదా. ఆ ఏటికి ఎన్ని వంకరలున్నాయో గంగుల్ని నిద్దట్లో లేపి అడిగినా చెప్పేస్తాడు. ఎక్కడ రాయుంది, ఎక్కడ సుడుంది, ఎక్కడ పైకి మెత్తగా కనపడి కిందకి లాగేస్తాది, అన్నీ తెలుసు ఆడికి. అయితే ఒకటి. పుట్టినకాణ్ణించీ ఆడు అడివిని నీళ్ళ మీద నుంచి చూసేడు గాని, లోపలికి కాలెట్టి నడిచినోడు కాదు. ఒడ్డున వండుకోడం, ఒడ్డున పడుకోడం, తెల్లారి మళ్ళీ తెప్పెక్కడం, అదీ ఆడి బతుకు. ఈ మాట గుర్తెట్టుకోండి. ఒసే నూకాలూ, నీకే చెప్తన్నాను, విస్తరి కుట్టుకుంటా ఇను, చేతిలో ఆకెట్టుకుని నిద్దరోకు.

ఆ ఏటికి పైన తీగలగూడెమని ఉండేది. అందులో పండమ్మని ఒక పిల్ల. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోయేరు, వాళ్ళవ్వ ముత్తెమ్మే పెంచింది. ఆ పిల్ల ఒక రోజు ఏం చేసిందంటే, చింతపండు బుట్ట నెత్తినెట్టుకుని సంతకని బయల్దేరి ఏటి కాడికొచ్చింది. పైన వాన కొట్టి దాటే రాళ్ళన్నీ మునిగిపోయేయి. గంగులు తెప్ప కట్టేసుకుని కూకున్నాడు. దాటిస్తావా అనడిగింది, రా అన్నాడు. ఎక్కింది గాని, తెప్ప కదిలేసరికి, కొండలెక్కే కాళ్ళు కదా, కింద నేలే కదిలిపోతే ఎలాగుంటాది, కళ్ళు తిరిగి కూలబడిపోయింది. బుట్ట ఒరిగిపోతంది. అప్పుడు గంగులు, "నీళ్ళకేసి చూడకు. నా చేతికేసి చూడు. గడ మీద నా చెయ్యెక్కడుంటే అక్కడే చూడు" అన్నాడంట. అది అలాగే చూసింది. గడ లేస్తా ఉంటే చెయ్యి, గడ దిగుతా ఉంటే చెయ్యి. ఆ ఒడ్డెప్పుడొచ్చిందో దానికి తెలీదు. దిగింది, బుట్టెత్తుకుంది, ఎల్లిపోయింది. ఎల్లిపోయింది గాని, తర్వాత నీళ్ళు తీసి రాళ్ళు తేలి, దూడలు కూడా నడిచి దాటేస్తన్న రోజుల్లో కూడా అది సంతకి తెప్ప మీదే ఎల్లేదంట. నవ్వుతారేంటే, మీరు మటుకు తక్కువ తిన్నారా.

సరే, గంగులు పిల్లనడగడానికి గూడెం ఎక్కేడు. అక్కడ ఒక పద్ధతుండేది. పిల్లనడగడానికొచ్చినోడికి పిల్లని చూపించరు, దారి చూపిస్తారు. పొద్దు పొడిచేసరికి గూడెంలో బయల్దేరి, ఏటి పక్కమ్మట అడివిలోంచి నడిచి, పైన ఏరు దూకే చోటుంది చూసేరూ, ధారంటాం, అక్కడికి మధ్యాన్నానికి చేరాలి. అక్కడ కూడు తిని, మళ్ళీ పశువులు దొడ్లో చేరే వేళకి గూడెంలో ఉండాలి. ఎల్లేటప్పుడు పిల్ల ముందు, ఆడు దాని ఎనకాల. వచ్చేటప్పుడు ఆడు ముందు, పిల్ల ఎనకాల. రెండుసార్లూ అందరికంటే ఎనకాల పిల్ల తరఫు ముసిల్ది. పిల్ల నోరిప్పకూడదు, ఎనక్కి తిరిగి చూడకూడదు. ఆడు ఏదీ అడక్కూడదు. వచ్చేటప్పుడు ఆడు దారి తప్పితే తప్పేవురా అని ఎవరూ చెప్పరు. ఆడెటు పోతే అటే పోతారు, గోతిలోకి పోతే గోతిలోకే. వేళకి గూడెం చేరలేదా, ఆ సంబంధం అయిపోయినట్టే, మళ్ళీ ఆ పిల్లని అడగడానికి లేదు. దీన్ని దారప్పజెప్పడం అనేవోరు. ఉత్తినే పెట్టలేదు. ఒక్కతే పిల్లయితే అల్లుడు ఇల్లరికం రావాలి కదా, అడివిలో బతకాలి కదా. ఆడదాన్ని తీసుకుని అడివిలోకెళ్ళినోడు మళ్ళీ ఇంటికి తీసుకురాగలడా లేదా అని చూసుకోవద్దా.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. పండమ్మకి మేనత్త కొడుకున్నాడు, సింగన్న. ఆడూ అడిగేడు. మేనరికం, అడిగే హక్కుంది, ఇంకా ముందే అడగాల్సినోడు. ముత్తెమ్మ ఏం చెప్పిందంటే, ముందు మేనరికపోడు నడుస్తాడు, తర్వాత బయటోడు నడుస్తాడు, ఇద్దరూ నడిచేక నేను చెప్తాను, అప్పటిదాకా నన్నెవరూ అడక్కండి అంది. సింగన్న చెడ్డోడనుకునేరు, కాదు. కథలో రెండోవోడంటే మీకు చెడ్డోడే కావాలి. బంగారం లాంటి పిల్లోడు. అడివిలో ఆడికి తెలీని చెట్టు లేదు. ఆడు నడిచిన రోజు ధార కాణ్ణించి తిరిగొస్తా, ఇది ఏగిస, ఇది నల్లమద్ది, దీని తొర్రలో కిందటేడు చిలకలు పెట్టేయి, ఈ రాయి దాటేక ఎడం పక్కకి తిరగాలి, అని పాటలాగ చెప్పుకుంటా వచ్చేసేడంట. పశువులింకా మేతలోనే ఉన్నాయి, ఈళ్ళు గూడెంలో ఉన్నారు. అంత బాగా దారప్పజెప్పినోడు గూడెంలో ఇంకోడు లేడన్నారు. ఆ రోజు పండమ్మ ఎల్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండు చేతులూ చంకల్లో దోపుకుని, తలొంచుకుని నడిచిందంట. మంచు పడతంది, పిల్లకి చలేస్తందేమో అనుకున్నారు. ఇంకేటి, పెళ్ళి రాట పాతేసుకోడమే అన్నారు గూడెమంతా. ముసిల్ది ముత్తెమ్మ మటుకు అడ్డపొగ ఏసుకుని, అదేనమ్మా, చుట్ట నిప్పు పక్క నోట్లో ఎట్టుకుని, ఆ రెండోవోణ్ణి రానీండి అంది.

పండమ్మకి గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే గంగులు సంగతి దానికి తెలుసు. ఏటి గురించి ఎంతైనా చెప్తాడు గాని, ఒడ్డెక్కి పది బారలు లోపలికొస్తే ఆడికి మద్దికీ మామిడికీ తేడా తెలీదు. ఆడు దారి తప్పితే ఇంకంతే, ఈ జన్మకి సింగన్నే. సింగన్నలో వంకెట్టడానికేం లేదు, అదే వచ్చిన బాధ. వంకుంటే వంక చెప్పి తప్పించుకోవచ్చు.

గంగులు వచ్చేడు. తెల్లారింది. పిల్ల ముందు, ఆడు ఎనకాల, ముసిల్ది చివర, బయల్దేరేరు. గూడెం పొలిమేర దాటేక అడివి మొదలయ్యింది. అబ్బా, ఆ అడివి గురించి మా అవ్వ చెప్తంటే ఇనాలి. నాకంత నోరు లేదు. నలుగురు చేతులు పట్టుకుని చుట్టినా అందని మానులు. పైకి చూస్తే ఆకాశమేదీ, ఆకులే. ఆ ఆకుల్లోంచి ఎండ కిందకొచ్చేసరికి పల్చగా, పచ్చగా అయిపోయేదంట, మనుషుల మొహాలు కూడా పచ్చగా కనపడేయంట. అడ్డతీగలు మనిషి తొడంత లావు, ఈ చెట్టెక్కి ఆ చెట్టు మీద దిగి, మళ్ళీ ఇంకోదానికెక్కి, ఎక్కడ పుట్టిందో ఎక్కడాగిందో చెప్పలేం. కింద అడుగేస్తే ఆకు మెత్త, అడుగు తీస్తే నీళ్ళు ఊరతాయి. పడిపోయిన మాను మీద పాచి, పాచి మీద పుట్టగొడుగులు, వాటి మీద కూకుని ఒక కప్ప. అడివి పసుపు తొక్కితే ఆ వాసన. పైన పెద్ద ముక్కు పిట్టలు రెక్కలు కొడితే చేటతో చెరిగినట్టు చప్పుడు. ఎర్ర ఉడత, పిల్లి అంత ఉంటాది, తోకేమో మూరెడు, ఆ కొమ్మ మీద నుంచి ఈ కొమ్మ మీదకి దూకిందంటే గాలిలో కాసేపు అలా ఉండిపోయేదంట. పక్కన ఏరు. ఒక చోట కనపడతాది, ఒక చోట కనపడదు, చప్పుడు మటుకు ఇనపడతానే ఉంటాది. ఇసక తేలిన చోట సీతాకోకచిలకలు వందలు వాలి ఉంటే, మనుషులొచ్చేరని ఒక్కసారి లేస్తే, ఆ ఇసకే లేచిపోయిందా అనుకున్నాడంట గంగులు. నోరెళ్ళబెట్టి చూసేడు. ఇన్నాళ్ళూ ఇదంతా పక్కనే ఉంటే నేను గట్టు మీద కూకుని అన్నం తిని పోయేనే అనుకున్నాడంట.

చూసేడు, సంతోషించేడు, తర్వాత భయమేసింది. ఎందుకంటే, ఇన్ని చెట్లలో ఏ చెట్టుని గుర్తెట్టుకోవాలి? ఒక మానుని బాగా చూసుకుని ఇదీ గుర్తు అనుకుంటాడు, నాలుగడుగులేసేసరికి అలాంటిదే ఇంకోటి. తీగని గుర్తెట్టుకుంటే తీగలన్నీ ఒకటే. అడుగడుక్కీ జలగలు కాళ్ళకెక్కుతున్నాయి, అవి పీక్కోడమా, దారి చూసుకోడమా. ఇంక లాభం లేదని ఆడేం చేసేడంటే, కళ్ళకి బాగున్నదాన్ని చూసుకుంటా నడిచేడు. అంటే పండమ్మని. మరి ముందు నడుస్తంది కదా. ముసిల్ది ఎనకాలుంది, ఒంటికేసి చూస్తే బాగోదు, జడకేసి చూసినా బాగోదు. అందుకని చేతికేసి చూసేడు. కుడి చెయ్యి. ఆ చెయ్యేం చేస్తందంటే, దారి తిరిగే చోటొచ్చేసరికి పక్కనున్న చెట్టు మీద ఒకసారి ఆనతంది. చీమని తోలినట్టు, కాలు జారితే ఆసరా పట్టినట్టు, అరచెయ్యి మాను మీద ఆనించి తీసేస్తంది. ఒక చోట ఏగిస మాను, ఒక చోట జీలుగు చెట్టు, కల్లు కుండ కట్టుంది దానికి. ఒక చోట రాయిని కాళ్ళతో చుట్టేసుకున్నట్టు వేళ్ళు దింపిన మేడి చెట్టు, దాని వేరు మీద. అక్కడ దారి ఏటిని వదిలేసి కొండ పక్కకి ఎక్కేసింది. ఎక్కి, దిగి, మళ్ళీ పైన ఏటి కాడ తేలేరు. ఆ కొండమ్మట ఇంకా చాలా చోట్ల ఆనించింది. అదెందుకలా చేస్తందో మీకు తెలిసిపోయింది, చూడు ఎలా నవ్వుతున్నారో. ఆడికి మటుకు తెల్లేదు. చూడ్డం చూసేడు, అంతే. మొత్తానికి ఆ చెయ్యి పడిన చోటు ఒక్కటీ ఆడి కన్ను దాటలేదు.

మధ్యాన్నానికి ధార కాడికి చేరేరు. ఏరు అంతెత్తునుంచి దూకుతా ఉంటే కింద గుండంలో తెల్లటి తుంపర లేస్తంది. చెట్ల ఆకులన్నీ ఆ తుంపరకి ఒకటే ఊగడం, గాలి లేకపోయినా. వెదురు బొంగుల్లో బియ్యం పోసి నీళ్ళు పోసి ఆకు కుక్కి కాల్చుకుని తిన్నారు. ముసిల్ది తిని రాతి మీద వాలింది. పండమ్మ గుండం కేసి చూస్తా కూకుంది. ఒక్క మాట లేదు, మాటాడకూడదు కదా. గంగులికి మటుకు ధైర్యమొచ్చేసింది. ఎందుకంటే ఎదురుగా ఏరుంది. ఏరు ఎక్కడికి పోతాది? గూడెం కాడికే పోతాది. ఏటమ్మట దిగిపోతే గూడెం రాక ఎక్కడికి పోతాది, ఇంతోటిదానికి ఇంత హడావిడా అనుకున్నాడంట. చూసేరా, అదీ తెప్పలోడి బుద్ధి. ఇంకోడైతే ఆ తప్పు చెయ్యడు.

లేచేరు. ఇప్పుడు గంగులు ముందు. ఏటి పక్కమ్మట చకచకా నడుస్తన్నాడు, చెట్లకేసి చూడ్డం కూడా లేదు, నీళ్ళకేసే చూపంతా. కాసేపటికి దారి చీలింది. ఒకటి ఏటిని వదిలేసి కొండ పక్కకి ఎక్కుతాది. ఇంకోటి ఏటమ్మటే కిందకి దిగుతాది. పొద్దున్న వచ్చినప్పుడు కొండ మీద నుంచొచ్చేరు కదా, ఆడికి అదేం గుర్తు లేదు. ఏటమ్మట దిగిపోయేడు. పండమ్మ ఒక్క క్షణం ఆగిందంట. ఆగి, పెదవి కొరుక్కుని, ఆడెనకాల అడుగేసింది. ఏం చేస్తాది మరి. ఎనక ముసిల్ది కూడా నోట్లో పొగ తీయకుండా, సరే పదండి అన్నట్టు నడిచింది.

కిందకి దిగేకొద్దీ రెండు పక్కలా కొండ దగ్గరకొచ్చేసింది. దారి సన్నబడింది, తర్వాత రాళ్ళయ్యింది, తర్వాత లేకుండా పోయింది. ఎదురుగా కొండ గోడలాగ నీళ్ళలోకి దిగిపోయింది, ఆ పక్కా గోడే. మధ్యలో ఏరు బుసకొడతా పోతంది. అది గంగులికి తెలిసిన చోటే. తెప్ప మీద ఎన్నోసార్లు దూసుకుపోయిన చోటు. తెప్పుంటే రెండు గడలేసేసరికి దాటేస్తాడు. నడిచెళ్ళడానికి పిట్ట కాలెట్టే చోటు కూడా లేదు. ముసిల్ది ఎనకాల తడిసిన రాయి మీద కాలు జారి, చెయ్యి ఆనించుకుని కూకుండిపోయింది. పైన చెట్ల కొసల మీద ఎండ ఎర్రబడతంది. అప్పుడు గంగులికి తెలిసింది, అయిపోయిందని. ఇంత ఏరు తెలిసినోణ్ణి, ఏటి కాడే తప్పిపోయేను కదా అని ఆడికి కళ్ళంట నీళ్ళొచ్చేసేయంట. మగోడు ఏడవకూడదంటారు గాని, ఏడిస్తే తప్పేటి. కావాలనుకున్నది పోతంటే ఎవరికైనా వస్తాయి.

ఏడుస్తా ఏడుస్తా పక్కనున్న చెట్టు మీద చెయ్యేసి ఆనుకున్నాడు. ఆనుకునేసరికి ఏదో తట్టింది. ఈ చెట్టుకి పండమ్మ చెయ్యి పడలేదు అనుకున్నాడు. దీని ముందు దానికి? దానికీ పడలేదు. ఆ రాయికి? లేదు. ఏటిని వదిలే ముందు ఆకరిసారి ఎక్కడ పడింది? రాయిని చుట్టేసుకున్న మేడి వేరు మీద పడింది, అంతకు ముందు దేని మీద పడింది, తర్వాత దేని మీద పడింది, అన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చేసేయి. అప్పుడు, అప్పుడు గుర్తొచ్చిందంట ఆడన్న మాటే ఆడికి. నీళ్ళకేసి చూడకు, నా చేతికేసి చూడు. ఆ మాట ఇది దాచుకుని, దాచుకుని, ఇవాళ నాకిచ్చింది, నేను నీళ్ళకేసి చూసేనే అనుకున్నాడు. ఎనక్కి తిరిగేడు. ఆ సన్నటి దార్లో ఎనక్కి తిరిగితే ఎదురుగా పండమ్మే కదా. రోజంతా అప్పుడే మొహాలు ఎదురుపడ్డం. అది పక్కకి ఒదిగి దారిచ్చింది. ముసిలమ్మ కాడికొచ్చి చెయ్యిచ్చి లేపి, దాటి, పైకెక్కేడు.

చీలిక కాడికి వచ్చేడు, కొండెక్కేడు. ఇంక చూడండి, ఎలా నడిచేడో. ఆ కొండ మీద పండమ్మ చెయ్యేసిన మొదటి మాను కనపడగానే, ఆడు తన చెయ్యి దాని మీద, సరిగ్గా అదే ఎత్తులో, అరచెయ్యి ఆనించేడంట. ఆనించి ముందుకి. తర్వాత దాని మీద. తర్వాత దాని మీద. వాన పట్టుకుంది, మబ్బు దిగి చెట్ల మధ్యలోకొచ్చేసింది, నాలుగడుగుల ముందు ఏముందో తెలీదు. తెలీకపోతేనేం, ఆడు చెట్టు పేరు చూసుకోవట్లేదు, దారి చూసుకోవట్లేదు, పొద్దున్న ఆ చెయ్యి ఎక్కడెక్కడుందో అదే చూసుకుంటా, చెయ్యి తర్వాత చెయ్యి, గడ తర్వాత గడ ఏసినట్టు పోతన్నాడు. మేడి వేరు కాడికి దిగేడు, ఏరు చప్పుడు మళ్ళీ ఇనపడింది. ఒక చోట దారి తిన్నగా ఉంది, మలుపు లేదు, ఏం లేదు. అక్కడో సన్న చెట్టుంటే ఆగి దాని మీదా చెయ్యేసేడంట. ఎందుకంటే పొద్దున్న అక్కడ పండమ్మ చెట్టు పట్టుకుని వొంగి కాలి జలగని పీక్కుంది. ఆడికి అది జలగో, గుర్తో తెలీదు కదా, చెయ్యి పడింది, నేనూ ఎయ్యాలి, అంతే. ఎనకాల పండమ్మకి నవ్వాగలేదు. ఇటు ఏడుపూ వస్తంది. నోటికి కొంగు అడ్డెట్టుకుని నడిచింది.

జీలుగు చెట్టు, ఏగిస మాను, పొలిమేర. గూడెంలో అందరూ దొడ్డి కాడ నిలబడి చూస్తన్నారు. పశువులన్నీ లోపలికెళ్ళిపోయేయి. కుంటి దూడొకటి ఎనకబడి ఈడ్చుకుంటా వస్తంది. ఆ దూడ దొడ్లో కాలెట్టే వేళకి గంగులు దొడ్డి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఎనకాల పండమ్మ. ఆ ఎనకాల ముసిల్ది. వచ్చేసేడురా అన్నారు. కొందరు సరేనన్నారు, కొందరు ఎలా వచ్చేడో చెప్పమనండి అన్నారు. సింగన్న కూడా అక్కడే ఉన్నాడు, తగువు పెట్టడానికి కాదు, తెలుసుకుందావని అడిగేడు, ఏ చెట్టు కాడ కొండ పక్కకి తిరిగేవు అని. గంగులికి పేరు తెలీదు. ఎక్కడ కిందకి దిగేవు? తెలీదు. మరెలా వచ్చేవు? ఇంకోడైతే అబద్ధమాడేవోడు. ఈడు ఆడలేదు. తలొంచుకుని, "నేను అడివిని చూడలేదు. ఆమె చెయ్యెక్కడేసిందో అది చూసేను" అనేసేడంట.

ఇంక చూసుకో, గొల్లుమన్నారు. అంటే పిల్లే చూపించేసినట్టు కదా, ఇది దారప్పజెప్పడమెలా అవుతాది, చెల్లదు అన్నారు మగోళ్ళు. గంగులికి మొహం మాడిపోయింది, నా నోటితో నేనే పోగొట్టుకున్నాను అనుకున్నాడు. పండమ్మ భూమిలోకి పోతే బాగుణ్ణని నిలబడింది. అప్పుడు ముత్తెమ్మ కర్ర ఆనించుకుని, రాతి మీద కూకుని, నోట్లో చుట్ట తీసి పక్కనెట్టి మాటాడింది. "నోరిప్పొద్దన్నాం, ఇప్పలేదు. ఎనక్కి చూడొద్దన్నాం, చూడలేదు. చేతులు కట్టేసుకోమని ఎవరన్నారు? మీ తాతలు అనలేదు, వాళ్ళ తాతలు అనలేదు. ఎందుకనలేదో ఇంటికెళ్ళి మీ ఆడోళ్ళనడగండి" అంది. మగోళ్ళందరూ ఆడోళ్ళ కేసి చూసేరు. ఆడోళ్ళందరూ తలలొంచుకుని, ఒకత్తి కొంగు సర్దుకుంటాది, ఒకత్తి చంటిదాన్ని భుజం మార్చుకుంటాది, ఒక్కత్తి మొహమెత్తదు, అందరూ లోపల నవ్వుకుంటన్నారు.

ముసిల్ది అప్పుడంది. "దారి చూడ్డానికయితే ఈ వయసులో నేనెందుకు, కాళ్ళీడ్చుకుంటా అంత దూరం? దారికేం, ఏడాది తిరిగితే మేకపిల్లకి కూడా వస్తాది. నేను ఎనకాల నడిచేది పిల్ల చేతుల్ని చూడ్డానికి. ఇది సింగన్నకి ముందు నడిచినప్పుడు చేతులు చంకల్లోంచి బయటికి రాలేదు. ఈడికి ముందు నడిచినప్పుడు లోపలికి పోలేదు. ధార చేరకముందే నాకు తెలిసిపోయింది. ఈడు దానికేసి చూసేడో లేదో, అది తెలీక మళ్ళీ ఇంత దూరం నడిచేను" అంది. సింగన్న నేలకేసి చూసి, "చలనుకున్నాను" అన్నాడంట. అంతే అన్నాడు. అయినా మంచోడు మంచోడే, గంగులికి ఇల్లు కట్టేటప్పుడు మొదటి గుంజ ఆడే పాతేడు. తర్వాత ఏడు ఆడికీ ఒక పిల్ల కుదిరింది. ఆ పిల్ల ముందు నడుస్తా చెయ్యి తియ్యలేదంట, ప్రతి చెట్టుకీ ఏసేసింది, అవసరమున్నా లేకపోయినా. అడివంతా తెలిసినోడికి దారి చూపించడమేంటే అని ముసిల్దే నవ్విందంట.

అదమ్మా సంగతి. మీరు ధారకెళ్తే చూడండి, ఆ మానుల మీద మనిషి భుజమెత్తున బెరడు నున్నగా అరిగిపోయుంటాది, పాచి కూడా పట్టదు. మలుపు లేని చోట ఒక సన్న చెట్టుంది చూసేరా, దాన్నీ అరగదీసేరు. జలగ చెట్టంటాం దాన్ని. ఎందుకేస్తన్నామో తెలీకుండానే దానికీ చెయ్యేసి పోతారు కొత్త జంటలు. ఇంక నా సంగతడగరేంటే? నేనూ నడిచేను కదా మీ తాత ముందు. భుజం పడిపోయేదాకా ప్రతి చెట్టుకీ చెయ్యేసేను. ఆయనేమో పైన ఉడతల్ని చూసుకుంటా వచ్చేడు. తిరిగొచ్చేటప్పుడు మమ్మల్ని తిన్నగా తీసుకెళ్ళి ముళ్ళ డొంకలో పెట్టేడు. మేం గూడెం చేరేసరికి పశువులు నెమరేసుకుంటన్నాయి. మా అవ్వ ఒళ్ళంతా ముళ్ళు పీక్కుంటా, ఈడికి కళ్ళు లేవే, ఆలోచించుకో అంది. ఆలోచించుకోడానికేముంది, అప్పటికే చెయ్యి బయటికొచ్చేసింది కదా. ఆయన్ని పొలిమేర కాడే ఆగమని చెప్పి, దొడ్డి తడిక తీసి నేనే ఒక దూడని బయటికి తోలేసేను. అది మళ్ళీ లోపలికొచ్చేలోపు ఆయన చెయ్యట్టుకుని లాక్కొచ్చి నిలబెట్టేను. ఇప్పటికీ సంతకెళ్తే నేనే ముందు నడుస్తాను. ఆకులయిపోయేయా, ఆ కట్ట ఇటందుకోండి.